అతిసారము: ఒక మాట పుట్టుక, దాని వెనుకనున్న నీరు



ఆరోగ్యమును గూర్చి ప్రసంగింపుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. గ్రంథాలయపు పండుగ గనుక భాషను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని మఱికొందఱు మిత్రులు కోరిరి. ఈ రెండు కోరికలను ఒక్క పదముతో తీర్పవచ్చునని నాకు తోచినది. ఆ పదము “అతిసారము.” పండుగనాడు రోగము పేరెత్తుట యెందుకని కొందఱికి అనిపింపవచ్చును. కాని నిఘంటువును, వైద్యగ్రంథమును పక్కపక్కన నిలుపుకొన్న చోటు గ్రంథాలయము. ఒక మాటకు అర్థము తెలిసికొనుటవలన ఒక బిడ్డ ప్రాణము నిలుచునని చెప్పుటకు ఇంతకంటె తగిన చోటు వేఱొకటి లేదు.

ముందుగా మాట సంగతి చూతము. పాఱుట, స్రవించుట అను అర్థములుగల ధాతువులు సంస్కృతమున పెక్కు కలవు. వానిలో రెండు మనకు ముఖ్యములు. మొదటిది “సృ.” దీనికి కదలుట, సాగుట, పాఱుట అని యర్థము. సరిత్తు అనగా నది; సరస్సు, ప్రసారము, అనుసరణము, ఇవన్నియు ఈ ధాతువునుండి వచ్చినవే. మనమందఱము ఈదుచున్న సంసారమును దీనినుండి పుట్టినదే. రెండవ ధాతువు “స్రు.” దీనికి కాఱుట, ఒలుకుట, ప్రవహించుట అని యర్థము. స్రావము, రక్తస్రావము, స్రోతస్సు అను మాటలు దీని సంతానము.

మన ప్రాచీన వైద్యులు శరీరమును వర్ణించునప్పుడు ఈ రెండు ధాతువులను చక్కగా వినియోగించుకొనిరి. సరించుటవలన సిరలనియు, స్రవించుటవలన స్రోతస్సులనియు పేర్లు వచ్చినవని చరకసంహిత సూత్రస్థానమున వివరింపబడినది. అనగా వారి దృష్టిలో దేహము రాతి కట్టడము కాదు. కాలువలు, పిల్లకాలువలు, తూములు గల మాగాణి వంటిది. నీరు పాఱవలసినచోట పాఱి, నిలువవలసినచోట నిలిచినంతవఱకు పైరు పచ్చగా నుండును. అది తప్పిననాడు రోగము.

ఇక “అతిసారము.” “అతి” అనగా మితిమీఱినది. “సారము” అనగా ఇచ్చట పసగాని, భూసారములోని సారము గాని కాదు. “సృ” ధాతువునుండి వచ్చిన పాఱుడు. మితిమీఱి పాఱుట యేదియో అది యతిసారము. “అతీసారము” అని దీర్ఘముతోడను వ్రాయుదురు, రెండును సాధువులే. చరకసంహిత చికిత్సాస్థానమున 19వ అధ్యాయము ఈ రోగమునకే కేటాయింపబడినది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున 40వ అధ్యాయము దీనిని గూర్చినదే. ఇద్దఱును ఆఱేసి విధములు చెప్పిరి. వాత, పిత్త, కఫములవలన మూడు, మూడును కలిసిన సన్నిపాతమువలన ఒకటి. ఈ నాలుగింట ఇద్దఱికిని ఏకాభిప్రాయమే. మిగిలిన రెంటిలో చరకుడు భయమును, శోకమును లెక్కించెను. సుశ్రుతుడు శోకమును, ఆమమును లెక్కించెను. పరీక్షల గదికి పోవు విద్యార్థికి కడుపు కదలుట యెఱిగినవారెవ్వరును భయమును ఆ జాబితాలో చేర్చిన చరకుని కాదనలేరు.

సుశ్రుతుడు ఈ రోగము కలుగు విధమును చెప్పిన తీఱు గమనింపదగినది. శరీరమందలి జలధాతువు పెరిగి, జఠరాగ్నిని చల్లార్చి, మలముతో కలిసి, వాయువుచే త్రోయబడి క్రిందికి మిక్కిలిగా పాఱునని ఆయన భావము. సూక్ష్మదర్శినులు లేని కాలపు మాట యిది. ఇందలి అగ్నిని, వాయువును నేటి శాస్త్రము ఆ రూపమున అంగీకరింపదు. కాని ఒక్క విషయము మాత్రము ఆయన సరిగా పట్టుకొనెను. బయటికి పోవుచున్నది తిన్న తిండి మాత్రమే కాదు, శరీరమునందలి నీరు. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడు; నా ప్రసంగమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

మన ఇండ్లలో “అతిసారము” అను మాట తఱచు వినబడదు. విరేచనములు, భేదులు, నీళ్ళవిరేచనములు, జిగటవిరేచనములు అందుము. వీనిలో ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చూపు కలదు. “భేది” భిద్ ధాతువునుండి వచ్చినది. విడగొట్టునది, సడలించునది అని యర్థము. వాంతియు భేదియు కూడి వచ్చిన మహమ్మారిని మన పూర్వులు వాంతిభేది అనిరి. “విరేచనము” రిచ్ ధాతువునుండి వచ్చినది. ఖాళీచేయుట అని దీని భావము. “ప్రవాహిక” యనగా జిగటయు నెత్తురును పడు రోగము. ఇందును ప్రవాహమే కలదు. “విషూచి” అను మాట “సూచి” అనగా సూది అను పదముతో కూడినది. సూదులతో పొడిచినట్లు నొప్పి కలిగించునది కావున ఆ పేరు వచ్చినదని ప్రాచీనులు చెప్పిరి. తరువాతి కాలమున కలరాకు ఈ పేరు స్థిరపడినది.

వీనిలో “విరేచనము” అను మాటవలన ఒక చిక్కు వచ్చినది. ఆయుర్వేదమున విరేచనము ఒక చికిత్స, పంచకర్మలలో నొకటి. వైద్యుడు ఉద్దేశించి, రోగి బలమును చూచి, మందిచ్చి చేయించునది. తెలుగున అదే మాటను రోగమునకును వాడుచున్నాము. చికిత్సకును, వ్యాధికిని పేరొకటే యగుటచేత, “లోని చెడుగంతయు పోవుచున్నది, పోనిమ్ము” అను ఒక ఊరట మనస్సులలో చోటుచేసికొన్నది. పెద్దవానికి ఒకటి రెండు సార్లు ఐనచో ఆ ఊరట హాని చేయదు. ఆఱునెలల బిడ్డ విషయమున అది ప్రాణాంతకము. “అతిసారము” అను మాటలో ఆ భ్రమకు తావులేదు. మితిమీఱి పాఱుచున్నదని ఆ పేరే హెచ్చరించుచున్నది.

ఇప్పుడు కొంత దూరము పోయి గ్రీకు దేశము చేరుదము. ఆసుపత్రిలో ఈ రోగమును డయేరియా అందురు. ఇది గ్రీకు మాట. “డియా” అనగా గుండా. “రేయిన్” అనగా పాఱుట. లోపలినుండి గుండా పాఱిపోవుట యని పదార్థము. హిప్పొక్రేటిసు పేర వెలసిన ప్రాచీన వైద్యగ్రంథములలో ఈ మాట కలదు. మనవారు “అతి” అని పాఱుడుయొక్క కొలతను చూచిరి. గ్రీకులు “గుండా” అని పాఱుడుయొక్క దారిని చూచిరి. చూచినది మాత్రము ఒకే దృశ్యము.

ఇంతకంటె వింతయైన సంగతి యొకటి కలదు. 1786 ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్సు ప్రసంగించుచు, సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని ప్రతిపాదించెను. తరువాతి పండితులు ఆ దారిని పోయి, ఏ అక్షరము ఏ భాషలో ఎట్లు మాఱినదో నియమములు తెలిసికొనిరి. ఆ నియమములలో నొకటి యేమనగా, మాట మొదట “స్ర” యున్నచోట గ్రీకులో సకారము జాఱిపోయి రేఫము మాత్రము మిగులును. కావున మన “స్రు” ధాతువును, గ్రీకుల “రేయిన్” అను క్రియయు ఒకే తల్లి బిడ్డలు. డయేరియాను ఆంగ్లమున వ్రాయునప్పుడు నడుమ రేఫము రెండుసార్లు వచ్చును. పిల్లలు ఒకటి విడిచి వ్రాసి మార్కులు పోగొట్టుకొనుచుందురు. ఆ రెండవ రేఫము వ్యర్థము కాదు. జాఱిపోయిన సకారము విడిచిన అడుగుజాడ అది. ఆంగ్లేయులు ఏటికి వాడు “స్ట్రీమ్” అను మాటయు ఈ కుటుంబములోనిదే. నడుమ ఒక తకారము చేరినది, అంతియే. స్రోతస్సు, స్ట్రీమ్, డయేరియా, ఈ మూడును దాయాదులన్నచో నవ్వు వచ్చును గాని అది సత్యము.

ఈ “పాఱుట” అను క్రియనుండి పాశ్చాత్య వైద్యమున పెక్కు పేర్లు పుట్టినవి. వానిలో కొన్ని సత్యమును చెప్పును, కొన్ని పాత భ్రమలను మోయును. “కటార్” అను మాటకు క్రిందికి పాఱుట అని యర్థము; పడిశమునకు ఆ పేరు పెట్టిరి. పడిశము పట్టినప్పుడు ముక్కునుండి కాఱునది మెదడునుండి దిగివచ్చు శ్లేష్మమని వారు నమ్మిరి. ఆ నమ్మకము రెండువేల యేండ్లు నిలిచెను. 1660 ప్రాంతమున జర్మనీలో విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కొన్రాడ్ విక్టర్ ష్నైడర్, మెదడునకును ముక్కునకును అట్టి దారి లేదనియు, ఆ ద్రవము ముక్కులోని పొరనుండియే ఊరుచున్నదనియు నిరూపించెను. భావము కూలిపోయినను మాట నిలిచియే యున్నది.

కీళ్ళనొప్పులకు “రూమటిజం” అను పేరు అట్టిదే. “రెయుమా” అనగా పాఱునది. తలనుండి చెడునీరు దిగి కీళ్ళలో చేరుననుకొనిరి. ఫ్రెంచి వైద్యుడు గియోమ్ ద బయ్యూ గ్రంథము ఆయన మరణానంతరము 1642లో వెలువడినది. కీళ్ళ వ్యాధికి ఈ పేరు స్థిరపడుటకు అది కారణమైనది. “ఇన్‌ఫ్లూయెంజా” మఱియు చిత్రమైనది. లాటినులో “లోనికి పాఱుట” అను మాటనుండి వచ్చిన ఇటలీ పదమిది. నక్షత్రములనుండి ఒక ప్రభావము భూమిమీదికి పాఱి జనులకు జ్వరము తెచ్చునని భావించి ఆ పేరు పెట్టిరి. నక్షత్రములు నిర్దోషులని, సూక్ష్మజీవి దోషియని నేడు మనకు తెలియును. ఇక “హెమరేజి” అనగా రక్తస్రావము. ఇందును రేఫములు రెండున్నవి గదా యని దీనిని కూడ ఈ కుటుంబమున చేర్పబోకుడు. ఇది “బ్రద్దలగుట” అను వేఱొక క్రియనుండి పుట్టినది. పోలిక చూచి చుట్టఱికము కలుపరాదని మాటలు కూడ మనకు బోధించుచున్నవి.

ఇన్ని మాటలు చెప్పుటకు కారణమేమనగా, రోగము పేరు ఒక తీర్పు వంటిది. పేరు పెట్టినవాడు ఆ రోగమును గూర్చి తాననుకొన్నదానిని ఆ పేరులో దాచిపెట్టును. తరువాతివారు ఆ పేరును నమ్మి వైద్యము చేయుదురు. తీర్పు తప్పైనచో తరతరములు ఆ తప్పు సాగును. అందుచేత మాటను విప్పి చూచుట పండితుల వినోదము మాత్రమే కాదు.

అతిసారము విషయమున పేరు సత్యమే చెప్పినది. మనము దానిని వినలేదు. ఈ సంగతి తెలియుటకు మన ప్రేగులలో నీరెట్లు నడచునో తెలియవలెను. పెద్దవాని శరీరపు బరువులో సుమారు 60 శాతము నీరే. పసిబిడ్డలో అది 70 శాతమును మించియుండును. దినమునకు మనము త్రాగునది, తినుదానిలో నున్నది కలిసి రమారమి 2 లీటర్ల నీరు ప్రేగులలోనికి పోవును. దానికి లాలాజలము, జఠరరసము, పైత్యరసము మున్నగు మన శరీరపు రసములు మఱియొక 6, 7 లీటర్లు చేరును. ఈ 8, 9 లీటర్లలో దాదాపు అంతయు ప్రేగుల గోడలు తిరిగి పీల్చుకొనును. మలముతో బయటికి పోవునది 100, 200 మిల్లీలీటర్లు మాత్రమే. చూచితిరా, ఎంత పొదుపైన కాపురమో! మన నీరు మనలోనే ఏతమువలె దిగుచు ఎక్కుచు నున్నది.

సూక్ష్మజీవులు ప్రేగులో చేరినప్పుడు ఈ ఏర్పాటు చెడును. కొన్ని పీల్చుకొను గోడను గాయపఱచును. కలరా క్రిమి వంటివి గోడను గాయపఱుపకయే, ఒక విషమును విడిచి, లోనినుండి నీరు ఎదురు పాఱునట్లు చేయును. ఆ విషము కలదని 1959లో నిరూపించినవాడు కలకత్తా వైద్యుడు శంభునాథ్ దే. కలరా తీవ్రమైనచో గంటకు ఒక లీటరు నీరు పోవుటయు కలదు. ఆ నీటితో ఉప్పులును పోవును. నెత్తురు చిక్కబడి, నాడి సన్నగిల్లి, మూత్రము నిలిచి, రోగి కొన్ని గంటలలోనే మరణింపవచ్చును. చంపునది క్రిమి కాదు, పోయిన నీరు.

ఈ సత్యమును పరీక్షించి చూచినవాడు విలియం బ్రూక్ ఓషానెసీ. 1831లో ఇంగ్లండున కలరా వ్యాపించినప్పుడు ఆయన వయస్సు 22 ఏండ్లు. రోగుల నెత్తురును పరీక్షించి, అందులో నీరును, ఉప్పులును తఱిగిపోయినవని తేల్చి, వానిని తిరిగి ఇచ్చుటయే వైద్యమని వ్రాసెను. ఆ కాలమున పెద్ద వైద్యులు కలరా రోగికి నెత్తురు తీయుచు, విరేచనపు మందు లిచ్చుచుండిరి. పాఱుచున్న చెఱువునకు మఱియొక గండి కొట్టుట యన్నమాట. మఱుసటి యేడు 1832లో స్కాట్లండు వైద్యుడు టామస్ లాటా ఉప్పునీటిని నేరుగా రక్తనాళములలోనికి ఎక్కించి కొందఱిని బ్రతికించెను. కాని అట్లు ఎక్కించుటకు శుద్ధమైన నీరు, సూది, నేర్పరియైన చేయి కావలెను. అవి పల్లెలకు వచ్చుట యెన్నడు? ఇదే ఓషానెసీ తరువాత మన దేశమునకు వచ్చి తంతితపాలా మార్గములు వేయించి కీర్తి పొందెను. తంతి తీగెలకంటె గొప్పదైన ఆయన ఆలోచన మాత్రము ఫలించుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

నోటితో ఇచ్చిన నీరు నిలువదు గదా, ఇచ్చినకొలది పాఱును గదా యని వైద్యులును, తల్లులును ఒకే విధముగా తలచిరి. మన పల్లెలలో విరేచనములైన బిడ్డకు నీరు పట్టరాదని, పాలు మాన్పవలెనని చెప్పుటకు కారణమిదియే. ప్రేమచేతనే చెప్పిరి, చూచిన దృశ్యము అట్లే యున్నది గనుక నమ్మిరి. ఆ దృశ్యము వెనుక దాగిన రహస్యము 1960లో బయటపడినది. ప్రేగు గోడలో ఉప్పునకు, చక్కెరకు ఉమ్మడి ద్వారమొకటి కలదని రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. అది రెండు తాళపుచెవులు గల తలుపు. ఉప్పొక్కటే వచ్చినచో తెఱచుకొనదు, చక్కెరయొక్కటే వచ్చినచో తెఱచుకొనదు. రెండును జోడుగా వచ్చినచో తెఱచుకొని వానిని లోనికి రానిచ్చును. వాని వెంట నీరును పోవును. వింత యేమనగా, కలరా విషము తక్కిన ఏర్పాటును చెఱచినను ఈ తలుపును మాత్రము చెఱుపలేదు. వట్టినీరు నిలువకపోవచ్చును, ఉప్పు, చక్కెర తగుపాళ్ళలో కలిపిన నీరు నిలుచును.

1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ అను వైద్యులు దీనిని కలరా రోగులపై పరీక్షించి నిరూపించిరి. అసలైన పరీక్ష 1971లో వచ్చినది. బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలాది కాందిశీకులు పశ్చిమ బెంగాలు చేరిరి. బన్‌గావ్ శిబిరమున కలరా చెలరేగెను. ఎక్కించు సెలైను సీసాలు నిండుకొనెను. అప్పుడు వైద్యుడు దిలీప్ మహలనబిస్ సాహసించి, ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొడిని నీటిలో కరగించి, రోగుల బంధువులచేతనే లోటాలతో త్రాగించెను. 100కు 30 మంది మరణించుచున్నచోట మరణములు 4 శాతములోపునకు దిగినవి. చదువురాని తల్లులే అక్కడ నర్సులైరి. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ప్రపంచమంతటను ప్రచారము చేయబూనినది. మహలనబిస్ 2022లో కన్నుమూసెను. 2023లో మన ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ ప్రకటించినది.

ఇక మన ఇండ్లలో చేయవలసినది చెప్పెదను. దినమునకు 3 సార్లు, అంతకు మించి నీళ్ళవలె విరేచనమైనచో అది యతిసారము. తొలి విరేచనమునుండియే ద్రవము లిచ్చుట ప్రారంభింపవలెను. ఆరోగ్య కేంద్రములలో ఓ. ఆర్. ఎస్. పొట్లములు లభించును. పొట్లముమీద ఎంత నీటిలో కలుపుమని వ్రాసియున్నదో అంత శుభ్రమైన నీటిలో పొట్లమంతయు ఒక్కమాఱే కలుపవలెను. సగము పొడి, సగము నీరు అని ఉజ్జాయింపు చేయరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన కొలత ప్రకారము లీటరు నీటికి మామూలు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉండును. పొట్లము దొఱకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన 6 చిన్నచెంచాల చక్కెరయు, తలకొట్టిన అర చిన్నచెంచా ఉప్పును కలుపవలెను. ఉప్పు మించినచో హాని. కలిపినదానిని 24 గంటలు దాటినచో పాఱబోయవలెను.

రెండేండ్లలోపు బిడ్డకు విరేచనమైనప్పుడెల్ల 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దబిడ్డకు 100 మొదలు 200 మిల్లీలీటర్లు ఇయ్యవలెను. చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. వాంతియైనచో 10 నిమిషములాగి మఱల పట్టవలెను. తల్లిపాలు ఎట్టి పరిస్థితిలోను మాన్పరాదు. తిండి మాన్పరాదు. మన పూర్వులు అతిసార రోగికి పలుచని జావలు, పేలాల గంజి చెప్పిరి. అవి నేటికిని మంచివే. మజ్జిగ, చిటికెడు ఉప్పు వేసిన గంజి, కొబ్బరినీళ్ళు ఇంట నున్నవి. బజారులో అమ్ము అతితీపి పానీయములు ఓ. ఆర్. ఎస్.కు బదులు కావు. తీపి మించినచో అది లోని నీటిని మఱింత ప్రేగులోనికి లాగును. వైద్యుడు చెప్పినచో జింకు మాత్రలు 10 మొదలు 14 దినములు వాడవలెను. విరేచనములను వెంటనే కట్టివేయు మందులు పసిబిడ్డలకు తమంతట తాము ఇయ్యరాదు. ఆమము గల తొలిదశలో కట్టు మందు తగదని చరకుడును చెప్పియున్నాడు.

బిడ్డ కండ్లు లోతుకు పోయినను, ఏడ్చినప్పుడు కన్నీరు రాకున్నను, నోరెండినను, మాడు గుంటపడినను, పొట్టమీది చర్మమును పట్టి విడిచినప్పుడు మెల్లగా సర్దుకొన్నను, మూత్రము తగ్గినను, మత్తుగా పడియుండి త్రాగలేకున్నను, మలములో నెత్తురు కనబడినను, ఇంటిలో ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. దారిపొడవున ఆ నీరు పట్టుచునే యుండవలెను.

రాకుండ చూచుకొనుట మఱింత మేలు. మరుగుదొడ్డికి పోయివచ్చినప్పుడును, వంటకును, బిడ్డకు తినిపించుటకును ముందు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పసిబిడ్డల అతిసారమునకు ముఖ్యకారణమైన రోటావైరసునకు టీకా కలదు. ఢిల్లీలో ఒక బిడ్డనుండి గ్రహించిన వైరసుతో హైదరాబాదున ఒక టీకా తయారైనది. 2016లో ప్రభుత్వము టీకాల కార్యక్రమమున రోటావైరసు టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంత తెలిసినను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపిన లెక్క ప్రకారము అయిదేండ్లలోపు బిడ్డలు ఏటేట 4 లక్షల 40 వేలకు పైగా ఈ రోగముచే మరణించుచున్నారు. మందు లేక కాదు. ఉప్పు, చక్కెర, నీరు లేని యిల్లు అరుదు. తెలియకయే.

ముగించుటకు ముందు ఇంకొక మాట. అతిసారమునకు తోబుట్టువు వంటి రోగము “గ్రహణి.” గ్రహించునది, పట్టి నిలుపునది గ్రహణి. ఆహారమును పచనమగువఱకు పట్టియుంచు భాగమునకు మన వైద్యులు ఆ పేరు పెట్టిరి. ఆ భాగము చెడినచో వచ్చు రోగమునకును అదే పేరు నిలిచినది. పాఱునది అతిసారము, పట్టునది గ్రహణి; ఒకటి తప్పినచో రెండవదియు తప్పును. ఈ జాతి రోగమగు స్ప్రూ వలన 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరుల నిరువురిని కోల్పోయిరి. తామును దాని వాతబడి, ఆయుర్వేద వైద్యుడైన ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే కోలుకొనిరి. 1923లో అమెరికా చేరిన ఆ తెలుగుబిడ్డ నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులే తరువాత ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. ఆ మందు స్ప్రూ రోగులకు ప్రాణదానము చేసినది. దుఃఖమును విజ్ఞానముగా మార్చినవారి చరిత్రలు ఇట్టివి. అట్టివారిని మన పిల్లలు కలిసికొనగల చోటు ఈ అలమారల నడుమనే.

సభాసదులారా! గ్రంథాలయమునకును “స్రోతస్సు” అను మాట తగును. ఇచ్చట నిలువయున్న విద్య ఇంటింటికి పాఱినప్పుడే దానికి విలువ. అక్షరము వచ్చినవారు రానివారికి చదివి చెప్పినచో ఆ కాలువ ఎండిపోదు. ఈ ఊరి గ్రంథాలయము 25 ఏండ్లు ఆ పనిని చేసినది. ఈ రాత్రి మీరు ఇండ్లకు పోయిన పిమ్మట, ఇరుగుపొరుగున పసిబిడ్డ గల తల్లితో ఒక్క మాట చెప్పుడు: “అమ్మా, పాఱిపోయినంత నీరు తిరిగి పొయ్యి, బిడ్డ నిలుచును.” అతిసారము అను మాటకు అర్థము అదియే, ఆ మాటకు మందును అదియే.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనుగాక!